మాంద్యంలో చిప్ కంపెనీల షేర్లు: ఏ రకం ఎవరికి సరిపోతుంది?

సెమీకండక్టర్ షేర్లు సగానికి పడగానే చాలామంది వేసే ప్రశ్న ‘ఎన్విడియా కొనాలా, మైక్రానా, ఇంటెలా?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మాంద్యం దెబ్బ ఆ కంపెనీ లెక్కల్లో ఎక్కడ పడుతుంది? అమ్మకం ధర మీదా, గోదాములో ఉన్న సరుకు మీదా, సగం ఖాళీగా నడిచే ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) మీదా, వచ్చే ఏడాది ఆర్డర్ల మీదా? అన్నీ ఒకే ఇండెక్స్‌లో కనిపించినా పడే తీరు వేరు, లేచే వేళ వేరు.

ముందు ఈ రంగం ఎంతెంత పడుతుందో చూద్దాం. ప్రపంచ చిప్ అమ్మకాలు 2001లో 32 శాతం పడ్డాయి. 2009లో 9 శాతం, 2019లో 12 శాతం, 2023లో 8 శాతం తగ్గాయి. షేర్లు మాత్రం ఈ లెక్కతో కలిసి నడవవు. 2022లో అమ్మకాలు 57,400 కోట్ల డాలర్లు. అప్పటికి అదే రికార్డు. అయినా అమెరికాలో లిస్టయిన పెద్ద చిప్ కంపెనీల షేర్లను కొలిచే ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ ఇండెక్స్ 2021 డిసెంబరు శిఖరం నుంచి 2022 అక్టోబరుకు దాదాపు సగం కరిగిపోయింది. ఆ మరుసటి ఏడాది అమ్మకాలు పడ్డాయి, ఇండెక్స్ మాత్రం 60 శాతానికి పైగా పెరిగింది. వార్తల్లో ‘నష్టాలు’ అన్న మాట గట్టిగా వినపడే సమయానికి మంచి ధర దాటిపోయి ఉండటం ఈ రంగంలో మామూలే.

దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. 2000 మార్చిలో ఇదే ఇండెక్స్ శిఖరం దగ్గర కొన్నవాళ్లు 2002 అక్టోబరుకు 80 శాతానికి పైగా పోగొట్టుకున్నారు. ఆ శిఖరాన్ని ఇండెక్స్ మళ్లీ దాటడానికి దాదాపు 18 ఏళ్లు పట్టింది. సగం పడిందని కొన్న షేరు అక్కడి నుంచి మళ్లీ సగం కావచ్చు. కాబట్టి ఎంత పడిందన్న ఒక్క లెక్క చూసి కొనకూడదు.

## అమ్మకాలు కొంచెం తగ్గితే షేరు ఎందుకంత పడుతుంది

కారణాలు రెండు. మొదటిది దొంగ ఆర్డర్లు. సరుకు కొరతగా ఉన్నప్పుడు కొనుగోలుదారులు వంద కావాలంటే నూట యాభైకి ఆర్డరిస్తారు, అదీ ఇద్దరు ముగ్గురి దగ్గర. వేఫర్ ఫ్యాబ్‌లోకి వెళ్లాక చిప్ బయటికి రావడానికి మూడు నెలల దాకా పడుతుంది, ఆపై ప్యాకేజింగ్, టెస్టింగ్. ఈలోగా గిరాకీ చల్లబడితే ఆ అదనపు ఆర్డర్లన్నీ ఒక్కసారిగా రద్దవుతాయి. ఫోన్ల అమ్మకం పది శాతం తగ్గితే ఫోన్ చిప్ ఆర్డర్లు ముప్పై శాతం తగ్గేది ఇందుకే. 2001లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో 220 కోట్ల డాలర్లకు పైగా విలువైన నిల్వలను ఖర్చుగా రాసేయాల్సి వచ్చింది. అక్కడ పేరుకున్న ఆ సరుకును అంతకు ముందు చిప్ కంపెనీలు ‘గిరాకీ’ అని లెక్కేసుకున్నాయి.

రెండోది స్థిర ఖర్చు. ఫ్యాబ్ నిండుగా నడిచినా సగమే నడిచినా యంత్రాల తరుగుదల (వాటి ధరను కొన్నేళ్లకు పంచి ఏటా రాసే ఖర్చు) ఆగదు. అమ్మకంలో తగ్గిన ప్రతి రూపాయిలో చాలా భాగం నేరుగా లాభం నుంచే పోతుంది.

## ఏ కంపెనీనైనా కొలిచే నాలుగు గీటురాళ్లు

చేతిలో నగదు. బ్యాలెన్స్ షీట్లో నగదు, తేలిగ్గా అమ్ముకోగల సెక్యూరిటీలు కూడి, అందులోంచి మొత్తం అప్పు తీసేయండి. రాబోయే రెండేళ్లలో తీర్చాల్సిన అప్పు ఎంతో నోట్స్‌లో విడిగా ఉంటుంది, అదీ చూడండి. రెండేళ్లు లాభం లేకపోయినా కొత్త షేర్లు జారీ చేయకుండా బతకగలదా అన్నదే ప్రశ్న. ఇందులో తప్పితే మిగతా మూడూ చూడనక్కర్లేదు. జర్మనీ మెమరీ కంపెనీ కిమోండా 2009 జనవరిలో, జపాన్ ఎల్పిడా 2012 ఫిబ్రవరిలో దివాలా తీశాయి. తరువాత మెమరీ ధరలు కోలుకున్నాయి, ఆ షేర్లు కొన్నవాళ్లు కోలుకోలేదు.

నిల్వ రోజులు. త్రైమాసికం చివర ఉన్న నిల్వల విలువను ఆ త్రైమాసికంలో అమ్మిన సరుకు ఖర్చుతో భాగించి 90తో గుణించండి. నిల్వలు 600, ఖర్చు 400 అయితే 135 రోజులు. ఆ అంకె ఒక్కటే చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. అదే కంపెనీ గత ఎనిమిది పది త్రైమాసికాల అంకెల పక్కన పెట్టాలి. అనలాగ్ (వోల్టేజీ, సెన్సార్ చిప్‌ల) కంపెనీకి 150 మామూలు కావచ్చు, సొంత ఫ్యాబ్ లేని డిజైన్ కంపెనీకి అదే 150 ప్రమాద ఘంటిక. వరుసగా పెరుగుతూ వచ్చి ఒక త్రైమాసికంలో ఆగితే, అమ్మకాలు ఇంకా తగ్గుతున్నా సరే, మలుపు దగ్గర పడిందని అర్థం.

తరుగుదల లెక్క. యంత్రాల ఆయుష్షు ఎన్నేళ్లని రాసుకుంటారో దాన్ని బట్టి లాభం మారిపోతుంది. ఇంటెల్ 2023 జనవరి నుంచి తన యంత్రాల ఆయుష్షును 5 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచింది. కొత్తగా ఒక్క చిప్ అమ్మకుండానే ఆ ఏడాది తరుగుదల వందల కోట్ల డాలర్ల మేర తగ్గింది. రెండు కంపెనీల లాభాలు పోల్చే ముందు అకౌంటింగ్ పాలసీల నోట్‌లో ఈ ఒక్క లైను తప్పక చదవాలి. అసలు నిజం తెలియాలంటే నికర లాభం కన్నా ఫ్రీ క్యాష్ ఫ్లో (వ్యాపారం నుంచి వచ్చిన నగదులో ఫ్యాబ్‌లు, యంత్రాల ఖర్చు పోగా మిగిలింది) నమ్మదగింది.

ఏ కొలతతో చౌక? పీఈ (షేరు ధరను ఒక్కో షేరు లాభంతో భాగిస్తే వచ్చే అంకె) ఇక్కడ తరచూ తలకిందులుగా పనిచేస్తుంది. 2018 ఆగస్టుతో ముగిసిన ఏడాదికి మైక్రాన్ ఒక్కో షేరుకు 11.51 డాలర్లు సంపాదించింది. షేరు 50 డాలర్ల పైచిలుకు, అంటే పీఈ ఐదు లోపే. కారుచౌక అనిపించింది. అదే డిసెంబరుకు షేరు 30 డాలర్ల దగ్గరికి జారింది. లాభం శిఖరంలో ఉన్నప్పుడు పీఈ తక్కువగానూ, అడుగంటినప్పుడు ఎక్కువగానో అసలు లేకుండానో కనిపిస్తుంది. మెమరీకి పుస్తక విలువతో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) పోల్చండి. యంత్రాలు, అనలాగ్ కంపెనీలకు గత ఐదేళ్ల సగటు లాభంతో పోల్చడం నయం.

## ఒక్క చూపులో

| రకం | కంపెనీలు | దెబ్బ ఎక్కడ | కోలుకునే ముందు కనిపించేది | ఎవరికి |
|---|---|---|---|---|
| మెమరీ | మైక్రాన్, ఎస్‌కే హైనిక్స్, శామ్‌సంగ్ | అమ్మకం ధర | ఉత్పత్తి కోతలు, నిల్వ రోజులు ఆగడం | త్రైమాసిక నివేదికలు చదివేవారికి |
| డిజైన్ | ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ | నిల్వలు, ముందస్తు ఒప్పందాలు | పంపిణీదారుల దగ్గర సరుకు తగ్గడం | ఉత్పత్తి పోటీ అర్థమయ్యేవారికి |
| ఫౌండ్రీ (ఇతరుల డిజైన్లను చిప్‌లుగా తయారుచేసేది) | టీఎస్‌ఎంసీ | ఫ్యాబ్ వినియోగం | నెలవారీ అమ్మకాలు | ఒకే కంపెనీ కావాలనేవారికి |
| యంత్రాలు | ఏఎస్‌ఎంఎల్, అప్లైడ్ మెటీరియల్స్, ల్యామ్, కేఎల్‌ఏ | కొత్త ఆర్డర్లు | కస్టమర్ల క్యాపెక్స్ (ఫ్యాబ్‌లు, యంత్రాల మీద పెట్టుబడి) ప్రకటనలు | ఐదేళ్లకు పైగా ఆగేవారికి |
| అనలాగ్ | టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అనలాగ్ డివైసెస్ | పరిమాణం, నెమ్మదిగా | ఫ్యాక్టరీ, కార్ల ఆర్డర్లు | డివిడెండ్ కోరేవారికి |
| ఫండ్ | సెమీకండక్టర్ ఈటీఎఫ్‌లు | అన్నీ కలిపి | ఇండెక్స్ | సమయం లేనివారికి |

## మెమరీ: ఎక్కువ లోతు, ఎక్కువ ఎత్తు

డీర్యామ్, న్యాండ్ అనే రెండు రకాల మెమరీ చిప్‌లు ఎవరు చేసినా దాదాపు ఒకటే, ధర మార్కెట్ చెప్పిందే. అందుకే గిరాకీ పెరిగి తగ్గే చక్రం అన్నిటికంటే క్రూరంగా తిరిగేది ఇక్కడ. మైక్రాన్ అమ్మకాలు 2022 ఆర్థిక సంవత్సరంలో 3,076 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 1,554 కోట్లు. ఏడాదిలో సగం. నష్టం 583 కోట్లు. అదే కాలంలో హైనిక్స్, శామ్‌సంగ్ చిప్ విభాగం కూడా భారీ నష్టాల్లో ఉన్నాయి.

కొనుగోలు సమయం గురించి నేర్చుకోవడానికి ఆ ఏడాది మైక్రాన్‌ను మించిన పాఠం లేదు. 2022 శరదృతువులోనే కంపెనీ క్యాపెక్స్ కోసేసింది, ఉత్పత్తి తగ్గించింది. డిసెంబరు చివర షేరు 50 డాలర్ల దగ్గర, పుస్తక విలువకు కాస్త పైన మాత్రమే ఉంది. అసలు ఘోరమైన లెక్కలు బయటికొచ్చింది ఆ తరువాత: 2023 ఫిబ్రవరి త్రైమాసికంలో 143 కోట్ల డాలర్ల నిల్వల విలువ తగ్గించి రాశారు. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆగస్టుకు నష్టాల మొత్తం తేలే సమయానికి షేరు 70 దగ్గరుంది. లాభాలొచ్చాక కొందామని ఆగినవాళ్లు ఆ 40 శాతం వదులుకున్నట్టే.

ఇంకో మెలిక. విలువ తగ్గించి రాసిన సరుకును తరువాతి త్రైమాసికాల్లో అమ్మితే, దాని ఖర్చు లెక్కల్లో అప్పటికే తగ్గి ఉంటుంది కనుక మార్జిన్ (అమ్మకంలో లాభంగా మిగిలే శాతం) ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. కోలుకున్న తొలి రెండు మూడు త్రైమాసికాల మార్జిన్‌ను పూర్తిగా నమ్మకండి. మామూలుగా కంపెనీయే ఆ లాభం ఎంతో విడిగా చెబుతుంది.

ఈ రకం జీవితాంతం పెట్టుకునే షేరు కాదన్నది నా అభిప్రాయం. పీఈ చౌకగా కనిపిస్తూ, ముగ్గురు తయారీదారులూ క్యాపెక్స్ పెంచుతున్నట్టు ప్రకటిస్తే అది అమ్మే వేళ. కొనేటప్పుడే ఈ షరతు రాసిపెట్టుకోలేని వారు మెమరీ జోలికి పోకపోవడం మేలు.

## డిజైన్ కంపెనీలు: ఫ్యాబ్ లేదు కాబట్టి దెబ్బ లేదా?

ఫ్యాబ్ తరుగుదల వీరికి ఉండదు, అందువల్ల నష్టాల్లోకి పోవడం అరుదు. అయితే నిల్వలు బ్యాలెన్స్ షీట్లో కనిపించేవి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఫౌండ్రీల్లో సామర్థ్యం దక్కించుకోవడానికి ముందే ఒప్పందాలు రాసుకుంటారు. గిరాకీ పడిపోయినా ఆ సరుకు తీసుకోవాల్సిందే. ఈ అంకె నివేదిక నోట్స్‌లో ‘సరఫరా ఒప్పందాల’ కింద దొరుకుతుంది. దాన్ని నిల్వలకు కలిపి చూడాలి. 2022లో గేమింగ్ కార్డుల గిరాకీ కూలినప్పుడు ఎన్విడియా ఒకే త్రైమాసికంలో 130 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాసింది. స్థూల మార్జిన్ (అమ్మకంలో సరుకు ఖర్చు పోగా మిగిలే శాతం) 65 నుంచి 43 శాతానికి పడింది. షేరు 2021 నవంబరు శిఖరం నుంచి 2022 అక్టోబరుకు మూడింట రెండొంతులు పోయింది. ఆపై జరిగింది అందరికీ తెలుసు, కానీ అది ఏఐ గిరాకీ వల్ల వచ్చింది, మాంద్యం ముగియడం వల్ల కాదు. అలాంటి అదృష్టం వచ్చే చక్రంలోనూ ఉంటుందని లెక్క వేసుకోకూడదు.

అమ్మకాల్లో ఎక్కువ భాగం నలుగురైదుగురు కస్టమర్ల నుంచే వస్తుంటే, వాళ్ల క్యాపెక్స్ కోత మీ కంపెనీ మాంద్యం. పది శాతానికి పైగా వాటా ఉన్న కస్టమర్ల సంగతి వార్షిక నివేదికలో ఉంటుంది.

## ఫౌండ్రీ

ఇక్కడ మాట్లాడదగ్గది ప్రధానంగా టీఎస్‌ఎంసీ గురించే. 2023లో డాలర్లలో అమ్మకాలు దాదాపు 9 శాతం తగ్గినా స్థూల మార్జిన్ 54 శాతం నిలబడింది. ఆ ఏడాది మెమరీ కంపెనీలు తయారీ ఖర్చుకన్నా తక్కువకు సరుకు అమ్ముకున్నాయి. ఎవరి చిప్ గెలిచినా ఫ్యాబ్ ఇదే కావడం దీని బలం. 2009 సంక్షోభంలో వ్యవస్థాపకుడు మోరిస్ చాంగ్ మళ్లీ సీఈఓగా వచ్చి మరుసటి ఏడాది క్యాపెక్స్‌ను 590 కోట్ల డాలర్లకు పెంచారు. నగదున్న కంపెనీ మాంద్యంలోనే పోటీదారులను దాటిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కష్టం. ప్రతి నెలా పదో తేదీ ప్రాంతంలో అమ్మకాల అంకె విడుదల చేస్తుంది కనుక మూడు నెలలు ఎదురుచూడక్కర్లేదు.

బలహీనత ఒక్కటే, అదీ పెద్దది: ఉత్పత్తిలో అత్యధిక భాగం తైవాన్‌లోనే. ఏ నిష్పత్తిలోనూ ఆ ముప్పు కనిపించదు. అందుకే ఎంత నచ్చినా మొత్తం పెట్టుబడిలో ఈ ఒక్క షేరుకు ఒక హద్దు పెట్టుకోవాలి.

## యంత్రాలు చేసేవాళ్లు

చిప్ అమ్మకాల్లో చిన్న తగ్గుదల ఇక్కడికి చేరేసరికి పెద్దదవుతుంది. 2009లో చిప్ అమ్మకాలు 9 శాతం తగ్గితే ఏఎస్‌ఎంఎల్ అమ్మకాలు 295 కోట్ల యూరోల నుంచి 160 కోట్లకు, అంటే 46 శాతం పడ్డాయి. మరుసటి ఏడాది 450 కోట్లకు లేచాయి. అత్యాధునిక చిప్‌లకు కావాల్సిన ఈయూవీ యంత్రాలు (తీవ్ర అతినీలలోహిత కాంతితో చిప్ నమూనా ముద్రించేవి) చేసేది ప్రపంచంలో ఈ ఒక్క కంపెనీయే అయినా, చక్రం నుంచి దానికీ మినహాయింపు లేదు.

ఊరట ఏమిటంటే, అమ్మిన యంత్రాలకు విడిభాగాలు, నిర్వహణ ఆదాయం మాంద్యంలోనూ వస్తూనే ఉంటుంది. కంపెనీలను పోల్చేటప్పుడు మొత్తం అమ్మకాల్లో సర్వీసు వాటా ఎంతో చూడండి. చైనా వాటా కూడా చూడాలి. 2022 అక్టోబరు 7న అమెరికా ఎగుమతి ఆంక్షలు ప్రకటించిన తరువాత కూడా, 2024 తొలి రెండు త్రైమాసికాల్లో ఏఎస్‌ఎంఎల్ యంత్రాల అమ్మకాల్లో 49 శాతం చైనాకే వెళ్లాయి. ఆంక్షలు ఇంకా బిగిస్తారేమోనన్న భయంతో ముందే కొని పెట్టుకున్న సరుకును నిలకడైన గిరాకీ అనుకోకూడదు.

## అనలాగ్: నెమ్మది, కానీ డివిడెండ్ లెక్క చూశాకే

వోల్టేజీ నియంత్రణ, సెన్సార్ సంకేతాలు చూసుకునే చిప్‌లివి. ఒక కారులోనో ఫ్యాక్టరీ యంత్రంలోనో ఒకసారి కూర్చుంటే పదేళ్లు కదలవు, పాత ఫ్యాబ్‌లలో వాడిన తరం ప్రక్రియలతోనే తయారవుతాయి. అందుకే ధరలు కూలవు, పరిమాణమే తగ్గుతుంది. అయితే పతనం పొడుగ్గా సాగుతుంది: టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అమ్మకాలు 2022లో 2,003 కోట్ల డాలర్లు, 2024లో 1,564 కోట్లు. మిగతా రంగం 2024లో 19 శాతం పెరిగింది, ఈ కంపెనీ అమ్మకాలు ఆ ఏడాదీ తగ్గాయి.

డివిడెండ్ మాత్రం రెండు దశాబ్దాలుగా ఏటా పెంచుతోంది. ఆ మాట వినగానే కొనేయకండి. 2024లో కొత్త ఫ్యాబ్‌ల ఖర్చు పోగా మిగిలిన ఫ్రీ క్యాష్ ఫ్లో 150 కోట్ల డాలర్లు, చెల్లించిన డివిడెండ్లు 480 కోట్లు. తేడా నిల్వ నగదు, అప్పుల నుంచే రావాలి. బ్యాలెన్స్ షీట్ బలంగా ఉంటే కొన్నేళ్లు సాగుతుంది. బలం లేకపోతే ఏమవుతుందో ఇంటెల్ చూపించింది: 2023 ఫిబ్రవరిలో త్రైమాసిక డివిడెండ్ 36.5 సెంట్ల నుంచి 12.5కి కోశారు, 2024 ఆగస్టులో పూర్తిగా ఆపేస్తున్నట్టు చెప్పారు.

## ఫండ్ తీసుకుంటే

ఎంపిక తలనొప్పి వద్దనుకునేవారికి సెమీకండక్టర్ ఈటీఎఫ్ (చాలా చిప్ షేర్లను కలిపి, షేరులాగే కొనగలిగే ఫండ్) చాలు. రెండు విషయాలు మాత్రం కొనే ముందే చూడాలి. ఒకటి, మొదటి మూడు కంపెనీల వాటా. కొన్ని ఫండ్లలో ఒక్క కంపెనీయే ఐదో వంతు దాకా ఉంటుంది, అప్పుడు అది పేరుకే ఫండ్. రెండు, అమెరికాలో లిస్టయిన షేర్లతో నడిచే ప్రధాన ఫండ్లలో శామ్‌సంగ్, హైనిక్స్ ఉండవు, కనుక మెమరీ ప్రధానంగా మైక్రాన్ మీదే ఆధారపడుతుంది.

ఇండెక్స్ రోజువారీ కదలికకు మూడు రెట్లు కదిలే లీవరేజ్ ఫండ్లను మాంద్యంలో ముట్టుకోకండి. ఇండెక్స్ ఒకరోజు 10 శాతం పడి మరునాడు 11.1 శాతం లేస్తే 100 మళ్లీ 100కి వస్తుంది. మూడింతల ఫండ్ 100 నుంచి 70కి పడి, 33.3 శాతం పెరిగి 93.3 దగ్గర ఆగుతుంది. ఇండెక్స్ ఎక్కడిదక్కడే ఉంది, మీకు మాత్రం దాదాపు 7 శాతం పోయింది. ఒడిదుడుకుల మార్కెట్లో ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

## ఎవరు ఎటు

మూడేళ్లలోపు అవసరమయ్యే సొమ్మయితే పైవాటిలో ఏదీ వద్దు. టెక్నాలజీ రంగంలో ఉద్యోగం చేస్తున్నవారు మామూలు కంటే సగం వాటాతో సరిపెట్టుకోవాలి: షేరు పడే కాలంలోనే ఉద్యోగమూ పోవచ్చు, అప్పుడు కనిష్ఠ ధరకే అమ్ముకోవాల్సి వస్తుంది. నెలనెలా కొంత పెట్టేవారికి ఫండ్, లేదా ఫండ్‌తో పాటు ఫౌండ్రీ. వారానికి రెండు గంటలు నివేదికల మీద కూర్చోగలిగే వారికే మెమరీ, యంత్రాలు. షేరు డాలర్లలోనో యూరోల్లోనో ఉండి మీ ఆదాయం వేరే కరెన్సీలో ఉంటే, మారకపు రేటు మీ రాబడిని ఎటైనా తిప్పగలదు. డివిడెండ్ మీద మూలంలోనే కోసే పన్నునూ లెక్కలో వేసుకోండి.

కొనుగోలు ఒకేసారి కాకుండా నాలుగు విడతలుగా చేయండి, తేదీలకు కాదు, సంకేతాలకు కట్టి. కంపెనీలు క్యాపెక్స్ కోత ప్రకటించడం మొదలైనప్పుడు మొదటి విడత. నిల్వ రోజులు పెరగడం ఆగిన త్రైమాసికంలో రెండోది. ప్రపంచ చిప్ అమ్మకాల నెలవారీ అంకెల్లో (ఇవి మూడు నెలల సగటుగా వస్తాయి) ఏడాది క్రితంతో పోల్చిన తగ్గుదల సన్నగిల్లినప్పుడు మూడోది. కొరియా కస్టమ్స్ విభాగం ప్రతి నెలా మొదటి 10 రోజులు, 20 రోజుల ఎగుమతులు ఇస్తుంది. అందులో చిప్ ఎగుమతుల వరుస అంతకంటే ముందే కబురు చెబుతుంది. నాలుగో విడత చేతిలోనే ఉంచుకోండి, మీ అంచనా తప్పి ఇంకా పడితే అక్కరకొస్తుంది.

ఈ విడతల పద్ధతి బెడిసికొట్టేది ఒక్కచోట. పతనం చక్రానిది కాక కంపెనీదే అయినప్పుడు. తేడా తెలుసుకోవడానికి పోటీదారుల అంకెలు పక్కన పెట్టి చూడండి. అందరి అమ్మకాలూ కలిసి తగ్గితే అది చక్రం. 2024లో చిప్ రంగం 19 శాతం పెరుగుతుంటే ఇంటెల్ 1,880 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. అలాంటి కంపెనీ మళ్లీ నిలదొక్కుకోవచ్చు, కానీ దానికి కావాల్సింది కొత్త తయారీ ప్రక్రియ విజయం, కస్టమర్లు తిరిగి రావడం. మాంద్యం ముగియడం ఒక్కటే చాలదు. రెండు త్రైమాసికాల పాటు పోటీదారులు పెరుగుతూ మీ కంపెనీ తగ్గుతుంటే మూడో విడత కొనకుండా ఆపేయండి, సగటు ధర ఎంత తగ్గుతుందన్నది ఆ పూట పక్కన పెట్టండి.